ఏడు జాతర్ల పిల్లగాడు

మా డ్రిల్ సారు పోయారు. వాళ్ళ అమ్మాయి షాద్‌నగర్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. "పొద్దుగాల చాయ్ తాగిండన్నా. గ్లాసు కింద పెట్టి గోడకు ఒరిగిండు. నిద్ర వట్టిందనుకున్న. గంతే" అంది. నేను ఆఁ, ఆఁ అంటూ విన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నిలబడి ఉన్నాను. మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ ఎప్పుడు దించుకున్నానో దించుకున్నాను. మడమలు రెండూ కలిపి, ఛాతీ ముందుకు పెట్టి, సావధాన్‌లో ఉన్నాను. డెబ్బై దాటిన మనిషిని. నా మనవరాలు చూసి పకపకా నవ్వింది. దాని తప్పేం లేదు, దానికి మా సారు తెలియదు.

చదువు చెప్పినవాళ్ళ గురించి రాసేవాళ్ళు ప్రేమ గురించి రాస్తారు. నేను భయం గురించి రాయాలి. ఇష్టం, గౌరవం, ఇంకా ఏమేమో ఆయన మీద నాకు ఉండేవి, కానీ వాటన్నిటికన్నా ముందు పుట్టింది భయమే. చదివేవాళ్ళు మన్నించాలి.

నేను పుట్టు పిరికివాణ్ణి. మా ఊరు కల్వకుర్తికి నడిచి వెళ్ళేంత దూరం. గొల్లవాళ్ళం. ఒక మంద గొర్రెలు, వానకు పండే రెండు చెలకలు, అంతే మా ఆస్తి. గొల్లపిల్లలకు తోడేలంటే భయం ఉండటం మామూలే. నాకు తోడేలు మాట ఎత్తినా భయమే. బావిలో ఈతంటే భయం, ఖాకీ బట్టలంటే భయం, ఇంగ్లీషు క్లాసంటే భయం. తాలూకా హైస్కూల్లో చేరాక వీటన్నిటికీ పెద్దన్నలాగా డ్రిల్ సారు దొరికారు.

ఆయన కొట్టేవారు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. చేతిలో బెత్తం ఉండేది, దానితో నేల మీద గీతలు గీసేవారు. సారుది నల్లగొండ దిక్కు. పొడుగ్గా, ఎండుకట్టెలాగా ఉండేవారు. తెల్ల కాన్వాస్ బూట్లను శనివారం శనివారం తానే ఉతికి, క్లాసు కిటికీలో ఆరబెట్టి, అరిగిపోయిన చాక్‌పీసు ముక్కలు నూరి పూసేవారు. మెడలో నల్లదారానికి ఈల. ఎవడన్నా తప్పు చేస్తే వాడి దగ్గరికొచ్చి నిలబడేవారు. ఏమీ అడిగేవారు కాదు. వాడు తనంతట తాను నోరు విప్పేదాకా అక్కడే నిలబడేవారు. దానికన్నా నాలుగు దెబ్బలు తినడం నయమనిపించేది. నేనైతే చెయ్యని తప్పులు కూడా ఒప్పుకునేవాణ్ణి. అప్పుడు మాత్రం ఆయన పెదవులు కొంచెం కదిలేవి. జేబులోంచి పల్లీలు తీసి గుప్పెడు చేతిలో పోసి వెళ్ళిపోయేవారు.

ఊళ్ళో మేం చెడుగుడు అనే ఆటను బళ్ళో కబడ్డీ అనేవారు. బడి గంటకు ముందే సారు హోటల్ పొయ్యిలోంచి బూడిద అడుక్కొచ్చి మైదానంలో గీతలు పోసేవారు. నన్ను ఎందుకు ఏరుకున్నారో చాలాకాలం నాకు అంతుపట్టలేదు. నాకన్నా బలమైనవాళ్ళు, ఎదురుపడితే నేను తప్పుకుని పోయేంత మొనగాళ్ళు మా క్లాసులోనే ఉన్నారు. ఒకనాడు గుండె చిక్కబట్టుకుని అడిగేశాను.

"ధైర్యమున్నోడు కూతకు పోతే లోపలిదాక పోతడు. పోయి దొరుకుతడు. పిరికోనికి ఈపుకు గూడ కండ్లుంటయ్ రా. నువ్వు దొరుకవు" అన్నారు.

అది పొగడ్తో తిట్టో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ నిజం. అవతలి గీత దాటగానే నా ఒళ్ళంతా కళ్ళయ్యేవి. ఎవడి వేలు కదిలినా తెలిసేది. ఒకణ్ణి తాకానో లేదో తిరిగి మా గీత మీద పడేవాణ్ణి. కూత పొడుగు కావాలని సారు మమ్మల్ని మైదానం చుట్టూ కూత పెడుతూ పరుగెత్తించేవారు. తానూ పక్కనే పరుగెత్తుతూ చెవి మా నోటి దగ్గర పెట్టి వినేవారు. దమ్ము తెగితే మళ్ళీ మొదటినుంచి. "కాళ్ళు వణికితే వణకనియ్. కూత వణకొద్దు" అనేవారు. ఆటలో ఆయన చెప్పిన నీతి అదొక్కటే.

మా బడి నుంచి అప్పటిదాకా జిల్లా జట్టుకు ఎవరూ ఎక్కలేదు. సారు ఆ ఊసు ఎత్తేవారు కాదు. మహబూబ్‌నగర్‌లో సెలక్షన్ అని కబురు వచ్చిన వారం మాత్రం బూట్లకు రోజూ తెలుపు పడేది. అది చూసి మాకు తెలిసిపోయేది.

ఆడాలంటే పదహారేళ్ళు నిండి ఉండకూడదు. మీకు ఇది చిన్న సంగతి అనిపించవచ్చు. మా పాలిట అది యమపాశం. ఎందుకంటే మాలో ఎవరికీ తన వయసు తెలియదు. మమ్మల్ని బడిలో చేర్చుకునేటప్పుడు కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోమన్నారు. అందితే ఈడు వచ్చినట్టు. అందకపోతే వచ్చే ఏడు తోలుకరమ్మనేవారు. పుట్టిన తేదీ పంతులుగారికి ఏది తోస్తే అది. ఆ రకంగా మా క్లాసులో సగం మందిమి ఒకే రోజున పుట్టాము.

ముందటేడు మన జిల్లా జట్టు హైదరాబాద్ వెళితే, అవతలివాళ్ళు మనవాళ్ళలో ఒకడి మీసాలు చూపించి రభస చేశారట. ఆట మొదలు కాకముందే జట్టునంతా వెనక్కి పంపారు. ఆ మీసాలవాడి తండ్రిని ఠాణాలో కూర్చోబెట్టారని, వాణ్ణి తీసుకుపోయిన మాస్టరు కొలువు ఊడిందని మా బళ్ళో గుసగుసలు. నిజమో అబద్ధమో. నాకు మాత్రం నిజమే. అందుకని ఈసారి సెలక్షన్ కమిటీ కొత్త కట్టడి పెట్టింది. రిజిస్టర్లు నమ్మరు. పిల్లవాడి ఇంటి పెద్ద ఒకరు స్వయంగా వచ్చి ఈడు చెప్పాలి. ఆపైన డాక్టరు చూడాలి.

మా నాయిన జీవాలను విడిచి రాడు. మా అమ్మకు కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. మా అవ్వ బయలుదేరింది. మా నాయినను కన్న తల్లి, మా ఇంట్లో ఎవరికీ జంకని ఒకే ఒక్క మనిషి. ఆమె కూడా బస్సు ఎక్కాక నా మోచెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది.

బస్సులోనే సారు అడిగారు. "అవ్వా, నీ మనుమనికి ఎన్నేండ్లు? ఆడ అడుగుతరు."

"ఏండ్లంటే నాకేమెర్క సారూ? ఏడు జాతర్ల పిల్లగాడు" అంది అవ్వ కళ్ళు తెరవకుండానే. "జాతరయిన వారానికి వుట్టిండు. ఆడికెళ్ళి ఏడు జాతర్లు జూసిండు. మొన్న మాఘంలది ఏడోది."

మా గొల్లలకు రెండేళ్ళకొకసారి మాఘమాసంలో గట్టు మీద జాతర. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, చావులు, అన్నీ మావాళ్ళు ఆ లెక్కలోనే చెప్పేవాళ్ళు. సంవత్సరం అనేది పటేలుకు, పట్వారికి పనికొచ్చేది. సారు వేళ్ళ మీద లెక్కపెట్టారు.

"రెండేండ్లకొకటి అంటే ఏడు రెండ్ల పద్నాలుగు. మీద పది నెల్లు. పదిహేను గూడ నిండలే రా నీకు!" అన్నారు. సారు పళ్ళు కనపడేలా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. బస్సు వాగులో దిగి ఎగిరినా నవ్వుతూనే ఉన్నారు.

మహబూబ్‌నగర్‌లో డాక్టరు నన్ను నోరు తెరవమని లోపలిదాకా చూశాడు, మా నాయిన పొట్టేలును కొనేటప్పుడు చూసినట్టు. గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచాడు. కమిటీ అంటే ఒక బల్ల, దాని వెనక నలుగురు. నడుమ కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది, ఆయన చూపు దాని పైనుంచి వచ్చేది. అవ్వ ముందుకు వెళ్ళింది. ఎవరూ అడక్కుండానే కొంగుముడి విప్పి బండారి తీసింది. బండారి అంటే దేవుడి దగ్గర పెట్టి తెచ్చుకున్న పసుపు. అది చేతిలో పట్టుకుని మావాళ్ళు అబద్ధం ఆడరు. ఆడితే మంద నాశనమవుతుందని నమ్మకం.

"గట్టు మీది దేవుని తోడు. వీడు ఏడు జాతర్ల పిల్లగాడు" అంది.

కళ్ళజోడు పెద్దాయనకు అర్థం కాలేదు. సారు ముందుకొచ్చి లెక్క విప్పి చెప్పారు. పద్నాలుగు మీద పది నెలలు. డాక్టరు తల ఊపాడు. సరేనన్నారు.

తర్వాత మైదానంలో నేను ఎలా ఆడానో నాకు గుర్తు లేదు. చుట్టూ ఎవరెవరో అరుస్తున్నారు. ఈల వినపడిన దిక్కుకు పరుగెత్తాను, అంతే. సాయంత్రానికి పేర్లు చదివితే అందులో నా పేరుంది. ముందు బొద్దుగా అంకె వేసిన బనీను ఒకటి ఇచ్చారు. మిగతా పిల్లలు ఎగిరి గంతులేస్తున్నారు. నాకేమో హైదరాబాద్ ఎంత ఉంటుందో, అక్కడ తప్పిపోతే ఎవరిని అడగాలో అన్న దిగులు పట్టుకుంది. సారు నా దగ్గరికొచ్చి బనీను కొస పట్టుకుని బట్ట మంచిదేనా అన్నట్టు నలిపి చూశారు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

ఊరి బస్సుకు ఇంకా పొద్దుంది. బస్టాండు పక్కన గోడ నీడలో కూర్చున్నాం. అవ్వ మూట విప్పి జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు ముగ్గురికీ పెట్టింది. మనవడు గెలిచాడు కదా, ఆమె నోటికి అడ్డు లేదు. నా పుట్టుక దగ్గర మొదలుపెట్టి జాతర జాతరకూ నేను చేసిన పోరు చెప్పుకుంటూ వచ్చింది.

"ఒక్క గడబిడల సాలు గట్టెక్కలే సారూ. రజాకార్లు దిరుగుతుండిరి. జాతర గీతర ఎక్కడిది? ఇంట్లకెళ్ళే మొక్కినం. వీడప్పుడు జర నడుస్తుండె. వీని నోరు మూసి జొన్నచేన్ల పండుకున్న. పొద్దుమూకి ఇంటికొస్తే వీని సెంపల మీద నా వేళ్ళు అచ్చు వడ్డయ్" అని నా బుగ్గ తడిమింది.

సారు రొట్టె కింద పెట్టారు.

"అవ్వా, గా జాతర నీ ఏడింట్ల ఉన్నదా?"

"ఎట్లుంటది సారూ? చెయ్యని జాతర ఎట్ల లెక్కవెడ్తరు?"

ఆమె మాట ముగిసేలోగా నాకూ తెలిసిపోయింది. లెక్కల్లో నేను మొద్దునే గానీ ఇదేం పెద్ద లెక్క కాదు. చెయ్యని జాతరకు కూడా రెండేళ్ళు గడిచాయి. నాకు పదహారు దాటి పది నెలలు. ఠాణాలో కూర్చోబెట్టిన ఆ మీసాలవాడి తండ్రి మొహం ఎలా ఉంటుందో నేను ఎన్నడూ చూడలేదు, కానీ ఆ క్షణంలో ఆ మొహం మా అవ్వదైంది.

సారు నెమ్మదిగా ఆమెకు విప్పి చెప్పారు. ఆమెకు అర్థమైంది. అర్థమైనకొద్దీ ముఖంలో రక్తం లేకుండా పోయింది. కొంగుముడి పట్టుకుని, "బండారి పట్టి చెప్తి గద సారూ. జీవాలకేమన్నయితదా?" అంది. ఠాణా గీణా ఆమెకు పట్టలేదు. ఇంటి దగ్గరున్న మంద ఒక్కటే ఆమె కళ్ళ ముందు ఉంది. ఎవరికీ జంకని మా అవ్వ అలా అడగడం చూసి నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"సార్, ఎవ్వలకు ఎర్క లేదు గద సార్. పోదాం, బస్సస్తది" అన్నాను. ఏడుపు గొంతుతో అన్నాను. ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడతారని, నన్ను నోరు తెరిపిస్తారని అనుకున్నాను. ఆయన లేవలేదు. ఎదురుగా బస్సుల వైపు చూస్తూ అన్నారు.

"నాకూ భయమే అయితాంది రా. ఇప్పుడు పోయి చెప్పాలన్నా భయమే. చెప్పకుంట హైదరాబాద్ పోవాలన్నా భయమే. ఆడ నువ్వు కూతకు పోయినప్పుడు నా కండ్లు నీ మీద ఉండయ్. చుట్టున్నోళ్ళ మొకాల మీద ఉంటయ్, ఎవడు లేచి వేలు చూపిస్తడో అని. ఇన్నేండ్లకు మా బడి పిలగాడు ఆడుతుంటే నేను ఆట గూడ చూడొద్దా?"

సారుకు భయం అనేది ఒకటుంటుందని నేను అప్పటిదాకా అనుకోలేదు. నాకు దిక్కు తోచలేదు. మా ముగ్గురిలో ఒక్కరైనా భయపడనివాళ్ళు ఉంటే బాగుండేది.

ఆయన లేచి బూట్ల దుమ్ము దులుపుకున్నారు. "నువ్వు గూడ రా. ఒక్కణ్ణి పోలేను" అన్నారు. ఆ మాట నాతో అన్నారు, ఆ పిరికివాడితో. అవ్వను గోడ దగ్గరే కూర్చోబెట్టి ఇద్దరం వెనక్కి నడిచాం.

కమిటీవాళ్ళు లేచి చాయ్ తాగుతున్నారు. సారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను ఆయన వెనకే ఉన్నాను కాబట్టి ఆ చేతులు నాకు కనిపిస్తున్నాయి. ఒక చేతి వేళ్ళు ఇంకో చేతి వేళ్ళను విరిచేసేలా పట్టుకుని ఉన్నాయి. గొంతు మాత్రం డ్రిల్ క్లాసులో ఉన్నట్టే ఉంది. సంగతంతా చెప్పారు.

కళ్ళజోడు పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "అంటే ముసలమ్మ అబద్ధం చెప్పిందన్న మాట. చేతిల పసుపు పట్టుకుని మరీ."

"లేదు సార్" అన్నారు మా సారు. "ఆమె ఏండ్లు చెప్పనే లేదు. జాతర్లు చెప్పింది. ఏడన్నది, వీడు పుట్టినంక గట్టు ఎక్కింది ఏడుసార్లే. రెండుతోటి గుణించింది నేను. మధ్యల ఒకటి ఆగిందా అని అడుగకపోయింది నేను. లెక్క నాది, తప్పు నాది."

"మాస్టర్, మీరే పట్టుకొస్తిరి, మీరే తీసుకపోతున్నరు. ముందటేడు అయిన బద్నామ్ చాలదా? దీని మీద పైకి రాయాల్సి వస్తది."

"రాయండి సార్. నా పేరు మీద రాయండి. పిలగాని పేరు, ముసలామె పేరు వద్దు."

పెద్దాయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. నేను సారు వీపు వెనక దాక్కున్నాను. సిగ్గుపడుతూ చెప్పడం లేదు, ఆ వీపు అంత వెడల్పుగా లేదని అప్పుడే గమనించాను. ఆయన "సరే" అన్నాడు. ఎవరినో పిలిచి జాబితాలో నా తర్వాతివాణ్ణి తోలుకురమ్మన్నాడు. గద్వాల దిక్కు పిల్లవాడు వచ్చాడు. పేరు రాలేదని అంతదాకా ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సంగతి తెలిసి బిక్కచచ్చిపోయాడు. సారు నా వైపు చూశారు. నేను బనీను తీసి వాడికిచ్చాను. నాకు కోపం రావాల్సింది. కోపానికి కూడా ధైర్యం కావాలి కదా. ఏడుపొచ్చింది, ఏడ్చాను. సారు జేబులో చెయ్యి పెట్టారు, పల్లీలు లేవు. ఖాళీ చెయ్యి నా తల మీద పెట్టారు.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు. ఆట పోయింది, పోతే పోయింది. నా ప్రాణానికి హైదరాబాద్ గండం తప్పిందని లోపల ఎక్కడో కొంచెం హాయిగా కూడా ఉంది. కానీ అవ్వ కుంగిపోయింది. ఇంటికొచ్చినప్పటినుంచి కొట్టం దగ్గరే కూర్చునేది. గొర్రె తుమ్మితే ఉలిక్కిపడేది. ముద్ద నోటికి పోయేది కాదు. మా నాయిన ఎంత చెప్పినా వినలేదు. "తెలిసి ఆడినా తెల్వక ఆడినా బండారి బండారే కొడుకా" అనేది. అంతలోనే చలి తగిలి ఒక గొర్రెపిల్ల చచ్చింది. చలికాలంలో మామూలే, ఏటా ఒకటో రెండో పోయేవి. అవ్వ మాత్రం ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని, "మొదలైంది" అంది. ఆ ఒక్క మాటకు మా ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. మా నాయినకు కూడా.

నేను బళ్ళో సారుకు చెప్పాను. ఆ ఆదివారం ఆయన సైకిల్ మీద మా ఊరికి వచ్చారు. మంద ఊరి బయట చెలకలోని కొట్టం దగ్గర ఉంది. సారును చూసి మా కుక్కలు రెండూ లేచాయి. అప్పుడు తెలిసింది, సారుకు కుక్కలంటే చచ్చేంత భయమని. సైకిల్ పారేసి పక్కనున్న రాతిగుండు ఎక్కి నిలబడ్డారు. దిగమంటే దిగలేదు. అక్కడి నుంచే అవ్వతో మాట్లాడారు.

"అవ్వా, నువ్వు ప్రమాణంల ఏమన్నవ్? ఏడు జాతర్లన్నవ్. మనుమడు పుట్టినంక నువ్వు గట్టెక్కింది ఏడు గాదా?"

"ఏడే సారూ."

"మరి దేవునికి తెల్వదా? జాతర ఆయనది. గా సాలు ఎందుకు జెయ్యలేదో ఆయనకే ఎక్కువ ఎర్క. లెక్క తప్పింది నేను. కోపమొస్తే నా మీదికే రావాలె. నాకేమో జీవాలు లేవు. ఉన్నది గీ సైకిలొక్కటే."

అవ్వ ఎన్నో రోజుల తర్వాత నవ్వింది. నవ్వి, మళ్ళీ భయపడి, "గట్లనకు సారూ, దేవతలు తథాస్తంటరు" అని, కొంగుముడి విప్పి ఆ సైకిల్ హ్యాండిలుకు బండారి పూసింది. ఆ పూట అంబలి తాగింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం సారు వచ్చేవారు. దగ్గరికి వచ్చేవారు కాదు, కుక్కలు. దూరంగా చెలక ఒడ్డు మీద సైకిల్ ఆపి, ఒక కాలు పెడలు మీదే ఉంచి, కూత పెట్టినంత గట్టిగా అడిగేవారు. "అవ్వా, జీవాలు మంచిగున్నయా?" అవ్వ ఇటునుంచి "మంచిగనే ఉన్నయ్ సారూ!" అని కేకేసేది. అంతే. తిరిగి వెళ్ళిపోయేవారు. ఆయన అడిగినప్పుడు జీవాలు బాగానే ఉన్నాయని ఆమె తన నోటితో చెప్పాలి, అదే ఆయన పెట్టిన మందు. మా అవ్వ నెమ్మదిగా కోలుకుంది.

చలికాలం పోకముందే సారును అమ్రాబాద్‌కు బదిలీ చేశారు. ఆ సెలక్షన్‌కూ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. అడిగితే సారు లేదన్నారు. అమ్రాబాద్ అంటే నల్లమల అడవి, పులులు, చలిజ్వరం. వెళ్ళేముందు ఆదివారం ఆయన ఒడ్డు మీద నుంచి ఆ మాట కూడా చెప్పి వెళ్ళారు. అవ్వ కొట్టం గుంజ పట్టుకుని కూలబడింది. "సారు మీదికి వోయింది" అంది. "నా మీదికి రమ్మని ఆయన నోటితోనే అనె. విన్నడు దేవుడు."

ఈసారి ఆమెకు మందు వేసేవాళ్ళు లేరు. ఆదివారం వస్తే ఒడ్డు వైపు చూసేది, చూసి ఇంకా ముడుచుకుపోయేది. ఎండలు మొదలై మా నాయిన ఎప్పటిలాగే మందను మేతకు అమ్రాబాద్ అడవికి తోలుకుపోయాడు. ఆయన వెళ్ళిన కొన్నాళ్ళకు అవ్వ నన్ను లేపి, "నడువు, సారున్నడో లేడో నా కండ్లతోటి జూడాలె" అంది. బస్సంటే కళ్ళు మూసుకునే మనిషి, పులి పేరెత్తితే చెవులు మూసుకునే నేను, ఇద్దరం ఘాటెక్కాం. పొదలు కదిలితే నేను ఆమె కొంగు పట్టుకున్నాను, ఆమె నా చెయ్యి పట్టుకుంది.

నాయిన మంద అమ్రాబాద్ ఊరి దగ్గరే ఆగి ఉంది. అవ్వను చూడగానే కుక్కలు రెండూ తోకలాడిస్తూ ఎగబడ్డాయి. ఆమె వాటిని పట్టించుకోకుండా నేరుగా బడి వైపు నడిచింది. అవీ వెంట నడిచాయి. బడి అంటే ఒక పెంకుటిల్లు, ముందు వసారా. సారు వసారాలో బెంచీ దగ్గర నిలబడి పిల్లలకు ఏదో చెప్తున్నారు. ముందు కుక్కల్ని చూశారు, ఆ తర్వాతే మమ్మల్ని చూశారు. ఎగిరి బెంచీ ఎక్కారు. పిల్లలంతా గొల్లున నవ్వారు.

"మంచిగున్నవా సారూ?" అని అవ్వ కేకేసింది.

"మంచిగనే ఉన్న అవ్వా! ముందుగాల గా కుక్కల ఆపు!"

ఆమె ఆపలేదు. వసారా ఎక్కి, బెంచీ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో ఆయన పాదం పట్టుకుంది. తెల్ల బూటు మీద నుంచే, గట్టిగా. సారు కంగారుపడ్డారు. "అయ్యో, పెద్దదానివి, దండం వెట్టొద్దవ్వా" అన్నారు.

"దండం గాదు సారూ" అంది అవ్వ. ఏడుస్తూనే ఉంది. "ఉన్నవా అని జూస్తున్న."

సారు పాదం కదపకుండా ఆమె వదిలేదాకా అలాగే నిలబడ్డారు. కుక్కలు బెంచీ కింద పడుకున్నాయి.

మొన్న షాద్‌నగర్ వెళ్ళాను. వాకిట్లో పడుకోబెట్టారు. జనం వరసలో వచ్చి దండాలు పెట్టి పోతున్నారు. నా వంతు వచ్చినప్పుడు వంగి ఆయన పాదం రెండు చేతులతో పట్టుకున్నాను. చాలాసేపు వదల్లేదు. దండం పెడుతున్నాననుకుని వెనకవాళ్ళు ఓపిగ్గా ఆగారు. పాదం చల్లగా ఉంది.